తేయాకు తోటలో పసుపు చార

మీట నొక్కగానే గొట్టాల చివర్ల నుంచి సన్నటి తుంపర లేచి వరుస మీద పరుచుకుంది.

"చూస్తూ ఉండండి," అంది డాక్టర్ హైమవతి.

చూస్తున్నవాళ్లు ఆకు కోసే ఆడవాళ్లు. వీపున బుట్టలతో అలాగే నిలబడ్డారు. కాసేపు ఏమీ జరగలేదు. ఒకామె ఆవులించింది. అప్పుడు చివుళ్ల అంచులు పాలిపోవడం మొదలైంది. ఆ పాలిపోవడం ఆకు ఈనెల వెంట లోపలికి పాకింది. గ్లాసుడు టీ తాగినంతసేపట్లో ఆ వరుస మొత్తం నిమ్మపండు రంగుకి వచ్చేసింది. పక్క వరుస ఎప్పటిలాగే ఆకుపచ్చగా ఉంది.

"రంగేసినారేటి మేడమ్మా?" అంది చిలకమ్మ. కోత జట్టుకి ఆవిడే పెద్ద.

"రంగు కాదు, మందూ కాదు. వాసన."

"వాసనకే ఇలాగైపోతే మా ఆయన ఇంటికొచ్చే దారిలో ఈ మొక్కలు నాటకండి. తోటంతా పోద్ది."

ఆడవాళ్లు నవ్వారు. హైమవతి నవ్వలేదు గానీ, ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకుంది.

ఈ కొండ పేరు గాలిమెట్ట. విశాఖ నుంచి ఘాట్ ఎక్కి, కాఫీ తోటలు దాటాక వస్తుంది. కింద ఎండలు ముదిరిన ఈ కాలంలో తేయాకు కూడా చల్లటి చోటు వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది. దాని వెనకే పరిశోధన కేంద్రం, కేంద్రంతో పాటు హైమవతీ వచ్చారు.

పసుపు తేయాకు కొత్త వింత కాదు. కొన్ని రకాల చివుళ్లు చలికో ఎండకో వాటంతటవే పసుపు తిరుగుతాయి. వాటిలో క్లోరోఫిల్ తగ్గి, థియనిన్ అనే అమైనో ఆమ్లం పెరుగుతుంది. అలాంటి ఆకుతో కాచిన టీలో చేదుండదు. తాగితే మనసు నెమ్మదిస్తుంది. చిక్కల్లా ఒకటే. క్లోరోఫిల్ లేని మొక్క తన తిండి తాను వండుకోలేదు, బక్కచిక్కిపోతుంది. ఏడాది పొడుగునా ఆకుపచ్చగా ఉండి, కోతకి ముందు మాత్రమే పసుపయ్యి, మళ్లీ మామూలయ్యే మొక్క కావాలి. హైమవతి చేసింది అదే.

"లోపల ఏటి జరిగింది?" అని అడిగింది చిలకమ్మ.

"మొక్క లోపల పనివాళ్లుంటారు. ప్రోటీన్లు అంటాం. వాటిలో ఒకటి ఆకుపచ్చ రంగు వండుతుంది, ఇంకొకటి ఊడుస్తుంది. మీ ఇంట్లో కుక్కర్ ఉందా?"

"ఉంది."

"గిన్నె అదే, మూత అదే, లోపల పప్పూ అదే. పైన విజిల్ పెడితే ఒకలా ఉడుకుతుంది, తీసేస్తే ఒకలా. ఇక్కడా అంతే. ఫాస్ఫేట్ అని చిన్న తునక ఉంటుంది. అది అతుక్కుంటే వండే ప్రోటీన్ ఆగిపోతుంది, ఊడ్చే ప్రోటీన్ లేస్తుంది. తునక ఊడిపోతే మళ్లీ మామూలు. ప్రోటీన్ మాడిఫికేషన్ అంటారు. నేను చేసిందల్లా, ఈ వాసన తగిలినప్పుడు విజిల్ పెట్టే చెయ్యి ఒకటి మొక్కకి ఇచ్చాను."

"మా కుక్కర్ విజిల్ పోయి ఏడాదైంది," అంది వెనక నుంచి ఒకామె. "దానికీ ఏదైనా చెయ్యండి మేడమ్మా."

షెడ్డు గుమ్మంలో కూర్చున్న అమ్మాయి ఫక్కున నవ్వింది. కుడికాలు ముందుకి చాపి, మోకాలి కింద మచ్చని బొటనవేలితో రుద్దుకుంటోంది. హైమవతి కూతురు మేఖల. బైక్ అంబులెన్స్ నడుపుతుంది. రోడ్డు లేని గూడేల నుంచి పురిటికొచ్చిన ఆడవాళ్లని వెనక తొట్టెలో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి చేర్చే బండి. నిరుడు వానల్లో గానుగ మలుపు దగ్గర పడింది. కాల్లో ప్లేటు వేశారు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ తల్లి పక్కనే కూర్చుంది. ఒక్కసారీ ఏడవలేదు. ఎలా పడ్డావని అడగలేదు. ప్లేటు ఏ లోహంతో చేస్తారని మాత్రం డాక్టరుతో చాలాసేపు మాట్లాడింది. మేఖల మంచం మీంచి అదంతా వింది.

ఆ మధ్యాహ్నం అన్నాలప్పుడు మేఖల అంది, "కాలు నయమైందన్నారమ్మా డాక్టరు. ఇవాళ్టి నుంచి బండి తీస్తాను."

"తియ్యి."

"అంతేనా?"

"హెల్మెట్ పెట్టుకో. పెరుగు వేసుకో."

మేఖల పెరుగు వేసుకోకుండా లేచింది.

*

ఆ రోజు నుంచే తోటకి జబ్బు చేసింది.

తుంపర యంత్రం ఆపి ఉంది. మీట దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. అయినా మధ్యాహ్నం అన్నాలయ్యాక తోట నడుమ ఎక్కడెక్కడో మొక్కలు పసుపు తిరిగాయి. సాయంత్రానికి మళ్లీ ఆకుపచ్చ. హైమవతి గొట్టాలన్నీ విప్పి చూసింది. కవాటాలకి సీలు వేసింది. నీళ్లు, మట్టి, గాలి పరీక్ష చేసింది. అన్నీ బాగున్నాయి. మర్నాడు మళ్లీ అదే.

పరిశోధనకి నిధులిచ్చే కమిటీ వారం తిరక్కుండా చూడటానికి వస్తోంది. చెప్పినప్పుడు రంగు మారే మొక్క కావాలి వాళ్లకి. తోచినప్పుడు మారే మొక్క ఎవరికీ అక్కర్లేదు.

చిలకమ్మకి మాత్రం సందేహమేమీ లేదు. "కామెర్లు," అంది. "మా మరిదికీ ఇలాగే. ముందర గోళ్లు, ఆనక కళ్లు."

"మొక్కలకి కామెర్లు రావు."

"మనుషులకొచ్చినప్పుడు మొక్కలకెందుకు రావు? లివరుండాలని రూలేటి?"

హైమవతి పరీక్షల్లో మునిగి ఉన్నప్పుడు ఆడవాళ్లు నేలఉసిరి పీక్కొచ్చారు. కామెర్లకి ఆ ఊళ్లో ఇచ్చే మందు అదే. దంచి, మజ్జిగలో కలిపి, పసుపు తిరిగిన ప్రతి మొక్క మొదట్లోనూ పోశారు. మొక్కలకి పథ్యం కూడా పెట్టారు. ఆ వరుసల దగ్గర ఎవరూ నూనె పలహారం తినకూడదు.

పొద్దు వాలే వేళకి ఆకులు ఆకుపచ్చగా తిరిగాయి.

"చూసినారా?" అంది చిలకమ్మ.

"అది మీ మందు వల్ల కాదు."

"మరి దేనివల్ల?"

అప్పుడే మేఖల బండి షెడ్డు ముందు ఆగింది. ఇంజిను ఆపి, హెల్మెట్ తీసి, ఎవరి వంకా చూడకుండా లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రమే ఒక కబురు కూడా చెప్పింది. నల్లమల వైపు రైడర్లు లేరట. వస్తావా అని అంబులెన్స్ ఆఫీసువాళ్లు అడిగితే ఒప్పుకుంది.

"ఎప్పుడు?" అంది హైమవతి.

"కమిటీ వచ్చి వెళ్లాక."

"సరే."

మేఖల కాసేపు నిలబడింది. ఇంకో మాట వస్తుందేమోనని. రాలేదు. తల్లి సూక్ష్మదర్శిని మీదికి వంగింది. అద్దం కింద ఏమీ పెట్టలేదన్న సంగతి మేఖల గమనించలేదు.

*

మర్నాడు మేఖలకి సెలవు. తోట మీద ఎగిరే కెమెరా తీసిన బొమ్మలు చూసిపెట్టమని తల్లి అడిగింది. వెళ్లిపోయే ముందు ఆ మాత్రం సాయం చేద్దామని కూర్చుంది. కింది నుంచి చూస్తే ఇక్కడొక మొక్క, అక్కడొక మొక్క. పై నుంచి చూస్తే వేరేలా ఉంది.

"అమ్మా, ఇలా రా."

తెర మీద ఆకుపచ్చటి వాలు. దాని నడుమ సన్నటి పసుపు చార. షెడ్డు తలుపు దగ్గర మొదలై, వరుసల సందుల్లో వంకర్లు పోతూ, తోట చివర కంచె మూల దాకా వెళ్లింది. ఆ మూలన మాత్రం చాప పరిచినంత మేర పసుపు.

హైమవతి చూసింది. "పైపు లీకై ఉంటుంది."

"అక్కడ పైపు లేదమ్మా."

"భూమిలో తేమ."

"తేమ వంకర్లు తిరుగుతూ నడుస్తుందా?" మేఖల బొమ్మలు వరసగా తిప్పింది. "మొన్న మధ్యాహ్నం ఇలా. నిన్న ఇలా. ప్రతిసారీ నేను బండి తీశాక మొదలవుతోంది. వచ్చేసరికి పోతోంది. ఆ మూల నుంచి ఏం కనిపిస్తుందమ్మా?"

"కొండ."

"ఇంకా?"

"రోడ్డు."

"రోడ్డులో ఏది?"

బల్ల మీద కుండీలో ఒక మొక్క ఉంది. తోటలో రకమే, పోలిక చూడటానికి పెట్టుకుంది. మేఖల దాని వైపు చూసింది. తల్లీ చూసింది. ఇద్దరూ చూస్తుండగానే ఒక చివురు అంచు పాలిపోయింది.

"ఆ కుండీ బయట పెట్టు," అంది హైమవతి.

మేఖల కదల్లేదు. "గానుగ మలుపు. అవునా?"

ఇంకో చివురు పాలిపోయింది.

ఇందులో మాయ ఏమీ లేదు. తుంపరలో హైమవతి కలిపిన వాసన ఒక చిన్న అణువు. ప్రయోగశాలలో తయారైనది. మనిషి భయపడితే చెమటలో ఒక అణువు ఊరుతుంది, మన ముక్కుకి అందనంత కొద్దిగా. రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. తను ఇచ్చిన చెయ్యి ఆ రెంటికీ తేడా తెలుసుకోలేదు. భయపడ్డ మనిషి వరుసల మధ్య నడిస్తే, ఆ మనిషి కొంగు తగిలిన మొక్కల్లోనల్లా విజిల్ పడుతుంది. ఇదంతా హైమవతి బుర్రలో ఒక్క క్షణంలో తేలిపోయింది. శాస్త్రవేత్తగా ఆవిడకి సంతోషం కూడా కలిగింది. కానీ కూతురు అడుగుతున్నది అణువు గురించి కాదు.

"నీకు భయమైతే చెప్పొచ్చు కదమ్మా. ఎలా పడ్డావని ఒక్కసారైనా అడిగావా? నీకు పట్టదనుకున్నాను. అందుకే నల్లమల ఒప్పుకున్నాను."

హైమవతి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అడిగితే చెప్తావు. చెప్తే వింటాను. విన్నాక నిన్ను బండెక్కనివ్వను. అందుకని అడగలేదు."

కుండీలో మొక్క మొత్తం పసుపైపోయింది.

"బురదలో జారిందమ్మా," అంది మేఖల చివరికి. "తొట్టెలో ఎవరూ లేరు. ఒక్కదాన్నే. పడ్డాక ముందు నవ్వొచ్చింది. తర్వాత కాలు చూసుకున్నాను."

"నవ్వొచ్చిందా?"

"నువ్వు చూస్తే బండి ఏ లోహమని అడుగుతావనుకున్నాను."

హైమవతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో మేఖలకి తెలియలేదు. గుమ్మం దగ్గరికొచ్చిన చిలకమ్మ కుండీ చూసి, "ఇంట్లోకీ వచ్చేసినాయా కామెర్లు," అని నేలఉసిరి కోసం వెనక్కి తిరిగింది.

*

కమిటీ వచ్చిన రోజు వాన. చైర్మన్ పరశురామయ్య పెద్దమనిషి. సూటుకి బురద అంటకుండా నడవడంలోనే ఆయన శ్రద్ధంతా ఉంది. వెనక ఇద్దరు సభ్యులు, గొడుగులు.

అందరూ వరుస దగ్గర నిలబడ్డారో లేదో మేఖల ఫోను మోగింది. కొండ అవతల గూడెంలో నొప్పులు మొదలయ్యాయట. మేఖల తల్లి వైపు చూసింది.

"వెళ్లు," అంది హైమవతి.

మొన్నటి 'తియ్యి' లాంటి మాటే. మేఖల ఈసారి తల్లి మొహం చూడలేదు, తల్లి పక్కనున్న మొక్కని చూసింది. వెళ్లి తల్లి భుజం ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, బండి తీసింది.

చైర్మన్‌కి గొట్టాలు చూపిస్తూ, యంత్రం గురించి వివరిస్తూ హైమవతి రెండు మాటలు చెప్పిందో లేదో, పక్క వరుస పసుపు తిరిగింది.

"అద్భుతం," అన్నాడు పరశురామయ్య. "మీట ఎప్పుడు నొక్కారు? నేను చూడనేలేదు."

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కేంద్రం నిలబడేది. హైమవతి మీట మీంచి చెయ్యి తీసేసింది.

"నొక్కలేదండి. ఇది యంత్రం పని కాదు, నా పని. మా అమ్మాయి ఘాట్ మీదికి వెళ్లింది. మనిషి భయానికి ఈ మొక్క రంగు మారుతోంది. దాన్ని ఆపడం నాకింకా తెలియదు."

సభ్యుల్లో ఒకావిడ, విశాలాక్షి గారు, లెక్కలు చూసే మనిషి, గొడుగు ముడిచి పక్కన పెట్టింది.

"మావాడు ఇప్పుడే కొత్త బైకు మీద కాలేజీకి బయల్దేరుంటాడు," అంది. అని అవతలి వరుసలోకి నడిచింది. నాలుగు అడుగులు వేసేసరికి ఆవిడకి రెండు వైపులా ఆకు నిమ్మపండు రంగైంది.

"విశాలాక్షి గారూ, మీరు అక్కడే ఉండండి," అన్నాడు చైర్మన్. "కొయ్యండమ్మా, కొయ్యండి. మళ్లీ మారిపోతుందేమో."

హైమవతి మీట నొక్కి ఇంకో వరుసకి తుంపర కూడా పట్టించింది. చిలకమ్మ జట్టు దిగింది. తుంపర ఆకు, హైమవతి ఆకు, విశాలాక్షి ఆకు వేర్వేరుగా కోసి, షెడ్డులో ఆవిరి పట్టి, వేడి పెనం మీద ఆరబెట్టి కాచారు. తుంపర ఆకు టీ బాగుంది. మిగతా రెండూ తాగాక చైర్మన్ కాసేపు కళ్లు మూసుకున్నాడు. సూటు బురద సంగతి మర్చిపోయాడు.

ఫోను మోగింది. హైమవతి తన వరుస దగ్గరికి నడుస్తూ ఎత్తింది.

"చేరానమ్మా. పాప దారిలోనే పుట్టేసింది. ఇద్దరూ బాగున్నారు. బండి మాత్రం కడగాలి."

హైమవతి వరుస ఆకుపచ్చగా తిరగడం మొదలుపెట్టింది.

"అయ్యో," అన్నాడు పరశురామయ్య ఆకు వైపు చూస్తూ. "ఆ ఫోను ఇంకో గంట ఆగి చెయ్యాల్సింది."

*

తుంపర యంత్రం ఇప్పుడు షెడ్డు వెనక ఉంది. దాని మీద చిలకమ్మ జట్టు తువ్వాళ్లు ఆరేసుకుంటారు. దాని పని అమ్మలు చేస్తున్నారు.

పిల్లలు బళ్ల మీద, బస్సుల మీద, పరీక్ష హాళ్లలో ఉన్న అమ్మలు కావాలని కమిటీ ప్రకటన ఇస్తే, ఘాట్ కింది నుంచి బస్సులు నిండి వచ్చారు. ఎవరి వరుస వాళ్లకి, ఎవరి గొడుగు వాళ్లకి. చేసే పని ఏమీ లేదు, కూర్చుంటే చాలు. ఇంట్లో ఊరికే చేసేదానికి జీతం ఇస్తున్నారని వాళ్లకి మొదట్లో నమ్మకం కుదరలేదు. నాన్నల్నీ పెట్టి చూశారు. వాళ్ల దగ్గరా ఆకు అంతే పసుపైంది. ఎండ వల్ల అని వాళ్లన్నారు. మబ్బు పట్టిన రోజూ ఆ మాటే అన్నారు.

టీకి మంచి పేరొచ్చింది. ఎక్కడెక్కడివాళ్లో తాగి నెమ్మదిస్తున్నారు.

కమిటీ చేసిన తప్పు ఒక్కటే. కొనేవాళ్లకి నమ్మకం కలగాలని తోట బొమ్మని ఎప్పటికప్పుడు అందరి ఫోన్లలో కనిపించేట్టు పెట్టింది. ఏ వరుస ఎవరిదో పేరు కూడా వేసింది. ఆ బొమ్మని కొనేవాళ్ల కంటే ముందు పిల్లలు చూశారు. 'నాకేం భయం, నువ్వు హాయిగా వెళ్లిరా' అన్న మనిషి పేరు కింద నిమ్మపండు రంగు చార. హాస్టళ్లలో, లారీ క్యాబిన్లలో, బస్టాండుల్లో కూర్చుని చూశారు. చూసినవాడల్లా ఫోన్ చేశాడు. చేసిన ప్రతిసారీ ఒక వరుస ఆకుపచ్చగా తిరిగింది.

పసుపు ఆకు దిగుబడి సగానికి పడిపోయింది. పరశురామయ్య స్వయంగా వచ్చి గేటు దగ్గర బోర్డు పెట్టించాడు. కోత ముగిసేదాకా దయచేసి అమ్మలకి ఫోన్ చేయవద్దు. ఆ బోర్డు ఫొటో చూసి, ఫోన్ చేయాలన్న ఆలోచనే లేనివాళ్లు కూడా చేశారు.

"డాక్టరు గారూ, మీ వరుసలోనైనా కాస్త మిగిల్చండి," అన్నాడాయన ఒకరోజు. "కేంద్రంలో అందరికంటే తక్కువ దిగుబడి మీదే."

నల్లమల వెళ్లిన మేఖల ప్రతి గూడెం చేరగానే ఫోన్ చేస్తుంది. రోజులో చాలా గూడేలు.

"ఏం చెయ్యనండి," అంది హైమవతి. ఫోను మోగుతోంది. చైర్మన్ ఆకు వైపు చూస్తూ తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఫోను ఎత్తింది.

"చేరానమ్మా," అంది మేఖల. "కొంచెం జారాను. ఏం కాలేదు."

వరుసలో ఒక మొక్క పాలిపోయింది. పరశురామయ్య ఆశగా ముందుకి వంగాడు.

హైమవతి అక్కడే గట్టు మీద కూర్చుంది.

"ఎక్కడ జారావు?" అంది. "మొదటి నుంచి చెప్పు."